పెర్ల్ బక్ రచనలలో తల్లిదండ్రుల వ్యథ

పెర్ల్ బక్ 1931లో ప్రకటించిన 'గుడ్ ఎర్త్' నవలయందు కథానాయకుడగు వాంగ్ లుంగ్ పెద్ద కుమార్తె బుద్ధిమాంద్యము గలది. నవలలో ఆమెకు పేరైనను లేదు. ఎండలో కూర్చుండి గుడ్డపీలికను మెలిపెట్టుచు నవ్వుకొనుట తప్ప ఆమె చేయు పని యంతగా కానరాదు. ఇట్టి పాత్రను అమాయకత్వమునకు ప్రతీకగా గ్రహించి తృప్తిపడుట సులభము. కాని ఈ పాత్ర మూలమున రచయిత్రి చిత్రించినది తండ్రి మనోవేదన యని మా యభిప్రాయము.

వార్ధక్యమున వాంగ్ లుంగ్ ఒక విషపు పొట్లము సంపాదించి, తన మరణానంతరము దానిని కుమార్తెకు అన్నమున కలిపి పెట్టుమని పేర్ బ్లాసమ్ అను యువతిని కోరును. దీనిని క్రౌర్యమనుట తగదు. కుమారులు, కోడండ్రు, సేవకులు, ధనధాన్యములు నిండిన గృహమున సైతము 'నా తరువాత ఎవరు?' అను ప్రశ్నకు ఆ తండ్రికి దొరకిన సమాధాన మదియే. పేర్ బ్లాసమ్ విషప్రయోగమున కొల్లక, పోషణభారమును తానే వహించును. పాఠకునకు ఊరట కలుగును. విచారించి చూచినచో భారము తొలగలేదు. దాసిగా కొనబడి ఆ యింటికి వచ్చిన నిస్సహాయురాలి భుజముపైకి మాఱినది.

రచయిత్రికి ఈ వ్యథ పరాయిది కాదు. 1920లో జన్మించిన ఆమె కుమార్తె కారల్‌కు బుద్ధి వికసింపలేదు. ఆ యనుభవమును ఆమె 1950లో 'ద చైల్డ్ హూ నెవర్ గ్రూ' అను గ్రంథమున వెల్లడించెను. ఇతరులు ఆశలు చూపుచుండగా, ఒక వైద్యుడు మాత్రము బిడ్డ బాగుపడదని నిష్కర్షగా చెప్పెను. ఆ పరుషవాక్యమునకే ఆమె కృతజ్ఞురాలయ్యెను. సత్యము నెఱుగుటవలన దుఃఖము తీరకున్నను, వృథాప్రయాస తీరునని ఈ ఘట్టము తెలుపుచున్నది.

అయినను గ్రంథమున నొక కొఱత గలదు. 1929లో న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణాలయమున బిడ్డను చేర్పించి, ఆ వ్యయమును రచనలవలన వచ్చిన ధనముతో ఆమె భరింపగలిగెను. అట్టి స్తోమతు లేని తల్లికి, బిడ్డను విడువజాలని తల్లికి ఈ గ్రంథము సహనము నుపదేశించినంతగా తోడు చూపదు. సహనమును కీర్తించు విమర్శకులు ఈ భేదమును గుర్తింపవలెను.

మన దేశమున 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము, తల్లిదండ్రుల మరణానంతరము ఇట్టివారి సంరక్షణమును తన లక్ష్యములలో నొకటిగా పేర్కొని, సంరక్షకుల నియామకమునకు స్థానిక సంఘముల నేర్పఱచినది. వాంగ్ లుంగ్ ప్రశ్న ఇట్లు శాసనమున కెక్కినది. కాని జీవించియున్న తల్లికి ఒక పూట విశ్రాంతి దొరకవలెనన్న, బంధువో పొరుగువారో బిడ్డను కొంతసేపు తమకడ నుంచుకొనవలెను. చట్ట మా పని చేయజాలదు.

కావున ఈ నవలను బోధించునపుడు, విషపు పొట్లపు ఘట్టమును వాంగ్ లుంగ్ స్వభావచిత్రణముగా మాత్రమే గాక, ఆ యింటివారందఱి ఔదాసీన్యముపై అభియోగముగా గూడ వివరింపవలెనని మా మనవి.