తడి ఆకు చెప్పిన పాఠం

మా మిద్దె మీద తొమ్మిది గులాబీ కుండీలున్నాయి. పన్నీరు గులాబీ పూస్తే మా పాప ఓ రేకు తుంచి నోట్లో వేసుకుంటుంది. ఆ ఒక్క కారణం చాలు, వాటి మీద ఘాటు మందులు కొట్టకూడదని ఒట్టు పెట్టుకోవడానికి.

ఆ ఒట్టుకు మొదటి పరీక్ష శ్రావణం ముసురులో వచ్చింది. అడుగు ఆకుల మీద అంచులు చెదిరిన నల్లటి మచ్చలు, వాటి చుట్టూ పసుపు. ముట్టుకుంటే ఆకు రాలిపోయేది. నల్లమచ్చ తెగులు! వేపనూనె, పుల్లమజ్జిగ మార్చి మార్చి కొట్టాను. ఒక్క మచ్చా మాయలేదు.

మచ్చపడిన ఆకు మళ్ళీ పచ్చబడదని అప్పుడు తెలిసింది. కాపాడుకోవాల్సింది రాబోయే ఆకును. ఆ శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే సుమారు ఏడు గంటలు ఆకు తడిగా ఉండాలి. వాన లేని రోజుల్లో నేను సాయంత్రం ఇంటికి రాగానే పైపుతో మొక్కల్ని తలారా తడిపేదాన్ని. ఆ తడి రాత్రంతా ఆరేది కాదు. తెగులుకు కావలసినదంతా నా చేత్తోనే అందించాను.

ఇప్పుడు పొద్దున్నే, మొక్క మొదట్లోనే నీళ్ళు పోస్తున్నాను. గాలి ఆడేలా కుండీల్ని ఎడం జరిపాను. రాలిన ఆకుల్లో తెగులు దాగి ఉంటుంది కాబట్టి వాటిని ఏరి చెత్తబండికి ఇస్తాను. ఇంటి కంపోస్టు దాన్ని చంపేంత వేడెక్కదు.

చలికాలం వచ్చేసరికి లేత చిగుళ్ళకు పిండి చల్లినట్టు బూడిద తెగులు పట్టింది. దీని స్వభావం వేరు. ఆకు మీద నీటి తడి లేకపోయినా, రాత్రి చలీ గాలిలో తేమా ఉంటే చాలు, పాకుతుంది. అందుకే పట్టిన చిగుళ్ళు తుంచి, పొద్దుటి ఎండలో ఆకుల్ని నీళ్ళతో కడుగుతాను. తర్వాత ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి చల్లుతాను. జుకినీ మొక్కలపై పాలతో ఈ తెగులు అదుపులోకి వచ్చిందని బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ 1999లో ప్రచురించారు.

ఒక తెగులుకు తడి ప్రాణం, ఇంకోదానికి అదే ఇబ్బంది. సేంద్రియమంటే మందు డబ్బా మార్చడమే అనుకున్నంతకాలం ఈ తేడా నా కంటికి ఆనలేదు. సీసా అందుకునే ముందు ఆకు తిప్పి చూడాలి.

ఈ ఏడూ మచ్చలు వచ్చాయి, కానీ అడుగు ఆకుల దగ్గరే ఆగాయి. నిన్న పాప కోసం పన్నీరు గులాబీ పూసింది.