ఉదజనికి గొట్టమా, విద్యుత్తుకు తీగయా?

జింకు ముక్కలమీద సజల గంధకామ్లం పోసి, పరీక్షనాళికలో పట్టిన వాయువుకు అగ్గిపుల్ల చూపితే 'ఠప్' మని శబ్దం వస్తుంది. ఆ వాయువే ఉదజని, అనగా హైడ్రోజన్. ఎండ, గాలి వంటి తరగని వనరులనుండి పుట్టిన విద్యుత్తుతో నీటిని విశ్లేషించి తీసినచో దానినే 'హరిత ఉదజని' అంటున్నారు. పేరులోనే గాని వాయువులో ఏ రంగూ లేదు.

2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత ఉదజని పథకాన్ని ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజని తయారు కావలెననీ, అందుకు సుమారు 1,25,000 మెగావాట్ల కొత్త విద్యుత్కేంద్రాలు నెలకొల్పవలెననీ సంకల్పం. ఈ వాయువును చేరవేయడానికి రైలుమార్గాలవలె దేశమంతటా గొట్టాలు పరచాలనే వాదం ఒకటి వినవస్తున్నది. కర్నూలు ప్రాంతంలో విశాలమైన సౌరక్షేత్రాలున్నాయి. ఉత్తరాన హైదరాబాదు పరిశ్రమలున్నాయి. రెండింటినీ గొట్టంతో కలుపదలచినచో అది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల నేలను తాకకుండా పోవడం కష్టం. కనుక ఈ వాదాన్ని ఆ నేలమీదనే నిలబెట్టి పరీక్షించడం న్యాయం.

మొదట వచ్చే ఆక్షేపణ నీటిని గురించి. ఇది లెక్కకు నిలవదు. 18 పాళ్ల నీటిలో ఉదజని 2 పాళ్లు. కిలో ఉదజనికి 9 లీటర్ల నీరు చాలు. 50 లక్షల టన్నులకు కావలసినది 4.5 కోట్ల ఘనపు మీటర్లు, అనగా 1.6 టి.ఎం.సి. శుద్ధికీ చల్లబరచడానికీ మరి రెండింతలు కలిపినా యావద్దేశానికీ 5 టి.ఎం.సి. మించదు. ఒక్క జూరాల జలాశయమే 9 టి.ఎం.సి.లకు పైగా పట్టుతుంది. వైశాఖంలో ఎండిన కాలువ చివరనుండి తోడుకుంటామంటే అది వేరే మాట.

అసలు చిక్కు విద్యుత్తు దగ్గర ఉన్నది. కిలో ఉదజని తీయడానికి రమారమి 50 యూనిట్లు ఖర్చవుతాయి. ఆ కిలోలో నిలిచేది 33 యూనిట్ల శక్తి మాత్రమే. దానిని తిరిగి విద్యుత్తుగా మార్చితే సగం పోయి 16, 17 యూనిట్లు చేతికి వస్తాయి. జూరాల విద్యుత్కేంద్రంలోని 39 మెగావాట్ల యంత్రాలు ఆరూ గంటసేపు నిండుగా తిరిగితే 2,34,000 యూనిట్లు పుడతాయి. అంతటినీ వెచ్చించినా 4,680 కిలోల ఉదజని వస్తుంది, తిరిగి విద్యుత్తు చేయబోతే మూడింట రెండు వంతులు మాయం. నాగర్‌కర్నూలు జిల్లాలోనే ఉన్న శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లది. అక్కడి యంత్రాలు వెనుకకు తిరిగి నీటిని పైకి ఎత్తగలవు. ఇట్లా నీటిని ఎత్తి దింపే పద్ధతిలో 50 యూనిట్లు పెట్టితే 37 దాకా తిరిగి వస్తాయి. కాబట్టి దీపాలు వెలిగించడానికీ మోటార్లు తిప్పడానికీ ఉదజనిని గొట్టంలో పంపుతామనడం శక్తిని పారబోయడమే. రసాయనంగా అది తప్పనిసరి అయినచోట్లకు, అనగా ఎరువులు, చమురు శుద్ధి, ఉక్కు పరిశ్రమలకు మాత్రమే దాని చేరవేత ప్రశ్న మిగులుతుంది.

గొట్టపు పక్షంవారి మాటలో బలం లేకపోలేదు. నాలుగడుగుల వ్యాసంగల గొట్టం ఒకటి 10,000 మెగావాట్లకు సమానమైన శక్తిని మోయగలదు. అంత పని మామూలు తీగలు ఒకటి రెండింటివల్ల కాదు. జర్మనీలో రూర్ పారిశ్రామిక ప్రాంతాన 1938 నుండి ఉదజని గొట్టాలు పనిచేస్తున్నాయి. ఆ దేశమే 2024 అక్టోబరులో 9,040 కిలోమీటర్ల ఉదజని గొట్టాల ప్రణాళికను ఆమోదించింది. కాని రూర్‌లో గొట్టం కలిపినది అప్పటికే ఉన్న కర్మాగారాలను. కొత్త ప్రణాళికలో సుమారు ఐదింట మూడు వంతులు పాత సహజవాయువు గొట్టాలే. వాడుకదారు ముందు, గొట్టం తరువాత. ఇక్కడి వాదంలో ఈ వరుస తలకిందులైనది.

మరొక లెక్క విద్యార్థులే వేయవచ్చు. 1,25,000 మెగావాట్లు ఏడాది పొడుగునా ఆగకుండా పనిచేస్తే 1,09,500 కోట్ల యూనిట్లు రావలెను. 50 లక్షల టన్నులకు కావలసినవి 25,000 కోట్ల యూనిట్లు, అనగా నాలుగోవంతు కంటె తక్కువ. ఎండ ఉండేది అంతసేపే అని పథకం తయారుచేసినవారికి తెలుసునన్నమాట. మరి మధ్యాహ్నపు ప్రవాహానికి సరిపడేంత లావు గొట్టం వేస్తే రాత్రి అది దాదాపు ఖాళీగా పడి ఉంటుంది. వడ్డీ మాత్రం రాత్రింబవళ్లు నడుస్తుంది.

ఉదజని స్వభావం కూడా చూడవలెను. ఘనపు మీటరు ఉదజనిలో ఉండే శక్తి అంతే సహజవాయువులోని దానిలో మూడోవంతు. తేలికైనది గనుక వేగంగా పారి ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది గాని, దానిని నొక్కి తోయడానికి ఎక్కువ శక్తి కావలెను. దాని పరమాణువులు ఉక్కులోనికి చొరబడి లోహాన్ని పెళుసుబారుస్తాయి. గాలిలో నూటికి 4 నుండి 75 పాళ్ల వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది. పగటివేళ మంట కంటికి ఆనదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయిన సంగతి తెలుగువారు మరువలేదు.

గొట్టం వేయాలంటే కర్నూలు దాటగానే తుంగభద్ర, బీచుపల్లి దగ్గర కృష్ణ, ఆపైన జూరాల, భీమా, కల్వకుర్తి పథకాల కాలువలు అడ్డం వస్తాయి. నదుల కింద తొలచి పోవడం ఇంజనీర్లకు అసాధ్యం కాదు. రైతు సంగతే కష్టం. సహజవాయువు గొట్టాలకు వర్తించే 1962 నాటి చట్టం ప్రకారం భూమి రైతుదే. ప్రభుత్వం తీసుకొనేది వినియోగపు హక్కు మాత్రమే. పరిహారం భూమి విలువలో నూటికి పది. అయితే ఆ పట్టీమీద ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. ఉదజనికీ ఇటువంటి ఏర్పాటే కావలసివస్తుంది. బోరుబావిమీద వేరుసెనగ పండించే వనపర్తి రైతుకు, మామిడితోటతో బ్రతికే కొల్లాపురం రైతుకు ఆ మూడు నిషేధాల ఖరీదు పదోవంతు కాదు.

ఇంతకూ ఈ జిల్లాల పొలానికి ఉదజనితో ఉన్న సంబంధం యూరియా. 2021లో తిరిగి ఉత్పత్తి ప్రారంభమైన రామగుండం కర్మాగారం సహజవాయువునుండి అమోనియా చేసి, దానిని బొగ్గుపులుసు వాయువుతో కలిపి యూరియా తయారుచేస్తున్నది. ఆ బొగ్గుపులుసు వాయువు కూడా సహజవాయువునుండి పుట్టినదే. హరిత ఉదజని వచ్చి సహజవాయువును తొలగిస్తే అమోనియా వస్తుంది గాని యూరియాకు కావలసిన కర్బనం ఎక్కడిదనే ప్రశ్న లేస్తుంది. గొట్టాల పక్షంవారు దీనిని తడమడమే లేదు.

అమోనియా సున్నకు దిగువ 33 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ద్రవమౌతుంది. తొట్లలో, ఓడలలో పోగలదు. 2025 జనవరి 8న విశాఖపట్నం దగ్గరి పూడిమడకలో శంకుస్థాపన జరిగిన కేంద్రం రోజుకు 1,500 టన్నుల ఉదజనిని ఉద్దేశించినది. అందులో అధికభాగాన్ని సముద్రపుటొడ్డుననే అమోనియా మొదలగు సరుకులుగా మార్చవలెనని సంకల్పం. అక్కడికి విద్యుత్తు తీగమీద వస్తుంది. తీగ కింద కూడా చెట్లు ఎత్తుగా పెరగనీయరు, నిజమే. స్తంభాల పరిహారంమీద తగవులూ ఉంటాయి. కాని స్తంభానికీ స్తంభానికీ నడుమ రైతు దున్నుకోవచ్చు. గద్వాల ఎండకు మార్గం కావలసివస్తే ముందు ఈ రెండు మార్గాల ఖర్చునూ, గొట్టం రోజుకు ఎన్ని గంటలు నిండుగా పారుతుందో ఆ లెక్కనూ పక్కపక్కన వేసి గ్రామసభల ముందు పెట్టవలసి ఉన్నది.