బ్రోచ్‌కు జాతి ఉంటుందా?

2017లో ఇటలీలోని పవియా నగరంలో, విస్కోంతి కోటలో లోంబార్డుల మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. అక్కణ్ణుంచి అది నేపుల్స్‌కూ, ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియానికీ వెళ్లింది. క్రీ.శ. 568లో ఆల్బోయిన్ రాజు వెంట పనోనియా నుంచి, అంటే ఇప్పటి హంగేరీ వైపు నుంచి, ఇటలీలో దిగి, 774లో ఫ్రాంకుల రాజు చార్లెమేన్ చేతిలో ఓడిపోయేదాకా రెండు వందల ఏళ్లు ఏలినవాళ్ల కథ అది. గోతులు, ఫ్రాంకులు, అవార్లు, ఆంగ్లో-శాక్సన్లు వంటి తెగల మీద కూడా యూరప్‌లో ఇలాంటి ప్రదర్శనలు వస్తూనే ఉంటాయి. వీటిలో బాగా స్థిరపడిపోయిన పద్ధతి ఒకటుంది. గోడ మీద పటం, పటం మీద పెద్ద పెద్ద బాణం గుర్తులు, కింద అద్దాల అరల్లో ‘లోంబార్డు బ్రోచ్’, ‘ఫ్రాంకు కత్తి’ అన్న లేబుళ్లు. వస్తువుకు ఇలా జాతి పేరు తగిలించే అలవాటును మ్యూజియాలు మానుకోవాలని నా వాదన. ఏ వస్తువునైనా అది దొరికిన సమాధిలో, దాని పక్కనున్నవాటితో కలిపి చూపిస్తేనే వలస వచ్చినవాళ్ల గురించి మనకు నిజంగా ఏమైనా తెలుస్తుంది.

ఇటలీలో లోంబార్డుల కాలపు సమాధుల్లో దొరికే బంగారు రేకు శిలువలనే తీసుకుందాం. చీవిదాలేలో 1874లో బయటపడిన రాతి శవపేటికలోది వాటిలో బాగా పేరున్నది. దాని మీద పొడవాటి జుట్టున్న మనిషి ముఖాన్ని మళ్లీ మళ్లీ అచ్చొత్తి, రంగురాళ్లు పొదిగారు. ఈ తరహా శిలువల అంచుల్లో సూది దూరేటంత బెజ్జాలుంటాయి. అంటే ఇవి మెడలో వేసుకున్న నగలు కావు, శవం మీద కప్పిన గుడ్డకు కుట్టినవి. రేకు ఎంత పల్చనంటే రోజువారీ వాడకానికి ఆగదు, అంత్యక్రియల కోసమే చేయించి ఉంటారు. ఇవి లోంబార్డుల ఆనవాలుగా పుస్తకాలకెక్కాయి. కానీ పనోనియాలో వాళ్లు వదిలి వచ్చిన శ్మశానాల్లో ఇవి కనబడవు. చిహ్నం క్రైస్తవానిది, ఆచారం ఇటలీకి వచ్చాక అలవడినది. ‘లోంబార్డు శిలువ’ అని రాసి ఊరుకుంటే, కొత్త చోట స్థిరపడుతున్న కుటుంబాలు తమవాళ్లను సాగనంపే తీరే మార్చుకున్నాయన్న అసలు సంగతి మరుగునపడుతుంది.

రాజుల సమాధులూ ఇదే చెబుతాయి. ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ 481 ప్రాంతంలో చనిపోయాడు. ఆయన సమాధి 1653లో, ఇప్పటి బెల్జియంలోని తూర్నేలో దొరికింది. పేరు చెక్కిన ముద్రుటుంగరం ఉండబట్టి ఆయనదేనని తెలిసింది. అందులో ఎర్ర గార్నెట్లు పొదిగిన కత్తి ఉంది, దాంతోపాటు రోమన్ అధికారులు పైవస్త్రానికి పెట్టుకునే బంగారు బ్రోచ్ కూడా ఉంది. ఒకటి ఫ్రాంకుదనీ మరొకటి రోమన్‌దనీ రెండు అరల్లో పెడితే ఆ మనిషే మాయమవుతాడు. ఇక ఆ కాలపు ఫ్రాంకు నగల్లోని గార్నెట్లను పరీక్షిస్తే చాలావాటి రసాయన గుణాలు భారత్, శ్రీలంక రాళ్లతో సరిపోయాయి. మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్లు పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు పూసల పనివాళ్లకు చేరేవని కూడా ఇలాంటి పరీక్షలే తేల్చాయి. ఏదో ఒక తెగ గుర్తని మనం అనుకునే ఆ ఎరుపు వెనక సముద్రాలు దాటిన వ్యాపారం ఉంది.

జాతి పేరు తగిలిస్తే వచ్చే నష్టం ఏమిటో చరిత్ర ఒకసారి చూపించింది. స్పష్టంగా హద్దులు గీయగలిగిన ప్రతి పురావస్తు సంస్కృతీ ఒక జాతిదేనని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ పండితుడు గుస్టాఫ్ కొసినా సిద్ధాంతీకరించాడు. 1931లో ఆయన చనిపోయాక నాజీలు దాన్ని తమ విస్తరణకు సాక్ష్యంగా వాడుకున్నారు. బ్రోచ్‌లు దొరికిన నేలంతా తమదేనన్నారు. ఆ సిద్ధాంతాన్ని పండితులు వదిలేశారు గానీ, దాని అలవాటు మాత్రం లేబుళ్లలో మిగిలే ఉంది.

ఇప్పుడు డీఎన్ఏ ఉంది కదా, వలసలు నిజమేనని అది తేల్చింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. హంగేరీలోని సోలాద్, ఇటలీలోని కొలెన్యో శ్మశానాల నుంచి 63 మంది జన్యువుల్ని పరిశీలించిన అధ్యయనం 2018లో వచ్చింది. ఉత్తర, మధ్య యూరప్ మూలాలున్నవాళ్లు రెండు చోట్లా కనబడ్డారు. మనుషులు కదిలారనడంలో నాకూ సందేహం లేదు. కానీ అదే అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. ఆ శ్మశానాలు పెద్ద కుటుంబాల చుట్టూ అల్లుకున్నవి. దక్షిణ యూరప్ మూలాలున్నవాళ్లూ అక్కడే ఉన్నారు, కాకపోతే వాళ్ల పక్కన పెట్టిన వస్తువులు తక్కువ. ఒకే శ్మశానంలో బంధుత్వం, హోదా, వేర్వేరు మూలాలు కలిసి ఉన్నాయి. జన్యువు మనిషి పూర్వీకులెవరో చెబుతుంది గానీ, అతను తనను తాను ఎవరనుకున్నాడో చెప్పదు.

పేర్లు తీసేస్తే సామాన్య ప్రేక్షకుడికి కథ ఎలా అర్థమవుతుందన్నది మరో అభ్యంతరం. ఆ పేర్లు మనం కల్పించినవి కూడా కావు. రోథారి రాజు 643లో లాటిన్‌లో రాయించిన చట్టం లోంబార్డుల పేరిటే ఉంది. కాబట్టి రాజ్యం గురించి, చట్టం గురించి చెప్పేటప్పుడు ఆ పేరు వాడాల్సిందే. ఒక పల్లెలో పూడ్చిన స్త్రీ భుజం దగ్గరి బ్రోచ్‌కు కూడా ఆ పేరే చెల్లుతుందని మాత్రం చట్టం రుజువు చేయదు. ప్రేక్షకుడికి కావలసింది కథే అయితే, సమాధి నమూనాను నేల మీద గీసి, ఏ వస్తువు ఎక్కడుందో, ముడిసరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో, పక్క సమాధిలోని మనిషి ఏమవుతాడో చూపించండి. తవ్వకంలో దొరికిందేదో, పండితులు ఊహించిందేదో లేబుల్ మీద విడివిడిగా రాయండి. వలస వచ్చినవాళ్లనూ స్థానికులనూ రెండు ముద్దలుగా చూసే అలవాటు ఈనాటి రాజకీయాల్లో బలంగా ఉంది. సాక్ష్యాన్ని చేతిలో పెట్టుకుని ఆ అలవాటును సరిదిద్దగల చోటు మ్యూజియం. ఆ పని చేయడం దాని బాధ్యత.