బండి లెక్కలో రాయని పద్దు

కారు కన్నా బండి చవక అన్న మాటను మన ఇళ్లలో లెక్కగట్టి చెప్పేవాళ్లు తక్కువ. అందరూ అంటారు కాబట్టి మనమూ అనేస్తాం. పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా "రేపటి నుంచి కారు తియ్యను, బండి మీదే ఆఫీసుకు" అని ఒట్టు పెట్టుకునేవాళ్లు ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటారు. హైదరాబాదులో నేను రెండూ నడుపుతాను. ఉద్యోగానికి 125 సీసీ బండి, ఇంటిల్లిపాదీ కదలాల్సి వస్తే చిన్న కారు. రెండింటికీ చెరొక పుస్తకం పెట్టి, పెట్రోలు దగ్గర్నుంచి పంక్చరు దాకా రాసుకోవడం ఏళ్లుగా నాకున్న అలవాటు. ఆ పుస్తకాలు చూస్తే బండి డబ్బు మిగులుస్తుందన్నది నిజమే. అయితే ఎవరికి మిగులుస్తుంది, ఎంత తిరిగితే మిగులుస్తుంది, ఏ ఖర్చు ఎగ్గొట్టకుండా మిగులుస్తుంది అన్నవి కూడా తేల్చుకోవాలి.

ముందు పెట్రోలు సంగతి. రోజుకు రానూపోనూ 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు వెళ్లొచ్చే ఉద్యోగి ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతాడు. సిటీ ట్రాఫిక్‌లో 125 సీసీ బండి లీటరుకు 50 ఇస్తుంది. చిన్న పెట్రోలు కారు 15 ఇస్తే సంతోషించాలి. లీటరు 107 రూపాయలు వేసుకుందాం. బండికి ఏడాదికి 180 లీటర్లు, అంటే 19,260 రూపాయలు. కారుకు 600 లీటర్లు, అంటే 64,200 రూపాయలు. తేడా దాదాపు 45 వేలు. కిలోమీటరుకు బండికి రెండు రూపాయల చిల్లర అయితే కారుకు ఏడు రూపాయల చిల్లర. తిరిగిన ప్రతి కిలోమీటరుకూ ఐదు రూపాయలు జేబులో ఉండిపోతాయి.

ఈ మైలేజీ అంకెను మాత్రం ఎవరి బండికి వాళ్లే తేల్చుకోవాలి. కంపెనీ కాగితాల్లో రాసేది పరీక్షలో వచ్చిన అంకె. ఎల్బీ నగర్ నుంచి కోఠి దాకా సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ వచ్చే బండికి అది వర్తించదు. మనలో చాలామంది బంకులో "వంద కొట్టు", "రెండొందలు కొట్టు" అంటాం. అలా కొట్టిస్తే మైలేజీ ఎప్పటికీ తెలియదు. ట్యాంకు ఫుల్ చేయించి ట్రిప్ మీటరు సున్నాకు తెచ్చుకోవాలి. మళ్లీ వీలైతే అదే బంకులో ఫుల్ చేయించి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించాలి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే నమ్మదగ్గ అంకె వస్తుంది. ఆ అంకె ఉన్నట్టుండి పడిపోయిందంటే బండికి ఏదో జబ్బు చేసిందన్నమాట. టైర్లలో గాలి తగ్గి ఉండొచ్చు, బ్రేకు పట్టేస్తూ ఉండొచ్చు, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. మెకానిక్ దగ్గరికి పోకముందే మన పుస్తకం ఆ సంగతి చెప్పేస్తుంది.

పెట్రోలు కన్నా పెద్ద ఖర్చు బంకులో కనబడదు. ఏడు లక్షలు పెట్టి కొన్న కారు ఐదేళ్ల తర్వాత నాలుగు లక్షలు పలికితే గొప్పే. మూడు లక్షలు కరిగిపోయాయి, ఏడాదికి 60 వేల చొప్పున. లక్షా పదివేల బండి అదే ఐదేళ్లకు 50 వేలు పలికిందనుకుంటే కరిగింది 60 వేలు, ఏడాదికి 12 వేలు. అప్పు చేసి కొంటే వడ్డీ వేరు. ఐదు లక్షలు తొమ్మిది శాతానికి ఐదేళ్ల గడువు మీద తీసుకుంటే నెల వాయిదా 10,400 దగ్గర తేలుతుంది. చివరికి వడ్డీ ఒక్కటే లక్షా ఇరవై వేలు దాటుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416 రూపాయలు, దానిపైన జీఎస్టీ. కారుకు ఒక్క టైరు కొనే డబ్బుతో బండికి రెండు టైర్లూ వచ్చేస్తాయి. జాతీయ రహదారి మీద బండికి టోలు లేదు. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్లు మూడూ పైసా కట్టకుండా దాటొచ్చు. అవుటర్ రింగు రోడ్డు మీదికి మాత్రం బండిని రానివ్వరు. ఇవన్నీ కలిపితే, కారు కొనకుండా బండితోనే సరిపెట్టుకున్న ఇంట్లో ఏడాదికి లక్ష రూపాయలు పైగా మిగులుతాయి. నెల జీతం మీద బతికే కుటుంబానికి అది పిల్లల చదువుకు సరిపోయే డబ్బు.

ఇంట్లో ఇప్పటికే కారున్నవాళ్లకు లెక్క మారుతుంది. కారును సెల్లారులో నిలబెట్టినా దాని విలువ కరుగుతూనే ఉంటుంది, ఇన్సూరెన్స్ కట్టాల్సిందే, కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. దాని పక్కన కొత్తగా కొన్న బండికి తరుగుదల, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి ఏడాదికి ఎంత లేదన్నా 17 వేలు అవుతుంది. కిలోమీటరుకు ఐదు రూపాయల చొప్పున ఆ డబ్బు వెనక్కి రావాలంటే మూడున్నర వేల కిలోమీటర్లు తిరగాలి. వారానికి 70 కిలోమీటర్ల లోపు తిరిగే రెండో వాహనం డబ్బు మిగల్చదు. రోజూ ఆఫీసుకు వెళ్లే బండి ఆ గీతను నాలుగైదు నెలల్లోనే దాటేస్తుంది. ఆదివారాలు మాత్రమే బయటికొచ్చేది ఏడాదంతా అయినా దాటలేదు.

350 సీసీ బుల్లెట్ లాంటి బళ్ల విషయంలో ఈ గీత ఇంకా దూరం జరుగుతుంది. అది లీటరుకు 30, 35 ఇస్తుంది కాబట్టి కారుతో పోలిస్తే కిలోమీటరుకు మిగిలేది నాలుగు రూపాయలకు అటూఇటుగానే. ధర రెండు లక్షల దరిదాపుల్లో ఉంటుంది, ఇన్సూరెన్స్ శ్లాబు మారుతుంది, టైర్లూ సర్వీసూ ఖరీదే. నా అంచనాలో ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగితే గానీ అది తన ఖర్చు తాను రాబట్టుకోదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొనేవాళ్లకు కొంత ఊరట. ఆ బండి మీద మనసుంటే కొనుక్కోండి, మనసు పడటానికి పొదుపు అనే కారణం అక్కర్లేదు. డబ్బు మిగలడమే కావాలంటే 100, 125 సీసీ బళ్లకు సాటి లేదు.

బండి మిగిల్చే డబ్బు దాన్ని చూసుకునే పద్ధతి మీద కూడా ఆధారపడుతుంది. నెలకోసారి ఆదివారం పొద్దున బండికి సెంటర్ స్టాండు వేసి, చైను కవరుకు ఉండే చిన్న రబ్బరు మూత తీసి చూస్తాను. చూపుడు వేలితో చైనును కిందనుంచి పైకి నెడితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. అంతకు మించి ఊగుతుంటే వదులైందని అర్థం, అసలు ఆడకపోతే బిగిసిందని అర్థం. వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతుంటే చైను లింకు లింకూ కళ్లముందు నుంచి వెళుతుంది. ఎండిన చైను గరగరమంటుంది, తడి ఉన్నది చప్పుడు చెయ్యదు. వానాకాలంలో బురద నీళ్లలో తిరిగొచ్చాక ఆ గరగర తొందరగా వస్తుంది. అప్పుడు శుభ్రం చేయించి లూబ్ వేయిస్తే వంద రూపాయలతో పోతుంది. పట్టించుకోకపోతే స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా అరిగి, చైను సెట్టు మొత్తం మార్చడానికి పదిహేను వందల దాకా అవుతుంది. ఆ తర్వాత టైరు చూస్తాను. టైరు అంచు మీద టీడబ్ల్యూఐ అని అక్షరాలు, వాటికి ఎదురుగా గాడిలో చిన్న గట్టు ఉంటాయి. పైన అరిగిన రబ్బరు ఆ గట్టుతో సమమైపోతే టైరు పని అయిపోయినట్టే. మా వీధి మెకానిక్ ఎప్పుడూ ఒకే మాట అంటాడు: "ఇంజిన్ ఆయిలు, గాలి, చైను చూసుకోండి సార్, మిగతావి నేను చూసుకుంటా." పాతికేళ్లుగా బళ్లు విప్పుతున్న మనిషి మాటలో అంతకన్నా వివరణ నాకు అవసరం పడలేదు.

నలుగురు మనుషులున్న ఇంటికి మరో చిక్కు ఉంది. ఇద్దరు కూర్చుంటే బండి మీద మనిషికి కిలోమీటరుకు రూపాయి పడుతుంది. కారులో నలుగురు ఎక్కితే మనిషికి రూపాయి ముప్పావలా. అప్పటికీ కాగితం మీద బండే గెలుస్తుంది. ఆ గెలుపును నమ్మి పెట్రోలు ట్యాంకు మీద ఒకణ్ని, మధ్యలో ఒకణ్ని ఇరికించుకుని పెళ్లిళ్లకు వెళ్లే కుటుంబాలను రోజూ చూస్తాం. బండి ఇద్దరి వాహనం. నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే సేఫ్టీ హార్నెస్, తలకు తగ్గ హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ చెబుతోంది. ఇంటిల్లిపాదీ కదిలే రోజున కారో, ఆటోనో, ఆర్టీసీ బస్సో ఎక్కాలి. ఆ ఒక్క ప్రయాణం మీద మిగిలే రెండొందల కోసం పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టడం పొదుపు అనిపించుకోదు.

మనం పుస్తకంలో రాయని పద్దు ఇక్కడే మొదలవుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం, అంటే నూటికి దాదాపు 45 మంది, ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. అదే ఏడాది హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక సీట్లో కూర్చున్నవాళ్లు. భార్యలు, చెల్లెళ్లు, కాలేజీకి దింపడానికి ఎక్కించుకున్న పిల్లలు, ఊరికి తీసుకెళుతున్న తల్లులు. చాలాసార్లు నడిపేవాడికి చలానా భయంతోనైనా హెల్మెట్ ఉంటుంది. వెనక కూర్చున్న మనిషి తల గాలికి వదిలేస్తాం. కారు చుట్టూ ఇనుము, లోపల బెల్టు, ఎయిర్ బ్యాగు ఉంటాయి. వాటికి కూడా కలిపే మనం కారు ధర కడుతున్నాం. బండి మీద ఆ రక్షణ మనమే విడిగా కొనుక్కోవాలి. కొనకుండా ఎగ్గొట్టి, ఆ డబ్బును పొదుపు కింద రాసుకుంటే లెక్క తప్పినట్టే.

కాబట్టి బండి మిగిల్చిన డబ్బులో మొదటి వాటా తలకాయలకు తియ్యాలి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు, ఒకటి నడిపేవాళ్లకు, ఒకటి వెనకవాళ్లకు. రెండూ కలిపి మూడు వేలు పెడితే మంచివే దొరుకుతాయి. రోడ్డు పక్కన రెండొందలకు అమ్మే టోపీ పోలీసు కోసం పెట్టుకునేది, అది తలను కాపాడదు. గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి పగుళ్లు కనబడకపోయినా మార్చెయ్యాలి. రెండో వాటా టైర్లకు, బ్రేకులకు. వాన పడిన రోడ్డు మీద మనిషికీ ఆసుపత్రికీ మధ్య ఉండేవి అవే.

మూడో వాటా ఇన్సూరెన్స్‌కు. థర్డ్ పార్టీ పాలసీ మనవల్ల దెబ్బ తిన్న ఎదుటివాళ్లకు చెల్లిస్తుంది. నడిపేవాడు చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా దానిలోంచి పైసా రాదు. అందుకు పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉండాలి, దాని మొత్తం 15 లక్షలు. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి తీసుకోవాలన్న నియమం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ ఐదేళ్లూ గడిచాక రెన్యువల్ సంగతి మరిచిపోయే ఇళ్లు ఎన్నో. పాలసీ లేకుండా దొరికితే మొదటిసారి రెండు వేలు జరిమానా. జరిమానా చిన్న మాట. అలాంటి బండి ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ వేసే పరిహారం యజమాని సొంత జేబులోంచి కట్టాలి. ఏడాదికి వెయ్యి రూపాయల లోపు ఖర్చును ఎగ్గొట్టినందుకు పొలం అమ్ముకోవాల్సిన పరిస్థితి రావచ్చు.

హెల్మెట్లు, టైర్లు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపినా ఏడాదికి ఏడెనిమిది వేలు దాటవు. రోజూ 30 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి పెట్రోలు మీదే మిగిలే 45 వేలలో అవి తీసేసినా బండి కారు కన్నా చవకే. అందుకే రోజూ ఒంటరిగా ఆఫీసుకు వెళ్లేవాళ్లను బండి తియ్యమనే చెబుతాను. మైలేజీ రాసుకోండి, చైను చూసుకోండి, గాలి కొట్టించుకోండి. ఈ వారం రెండు పనులు మాత్రం తప్పక చెయ్యండి. మీ బండి పాలసీ తీసి గడువు తేదీ చూడండి, వెనక సీటుకు రెండో హెల్మెట్ కొనండి. పాలసీ, హెల్మెట్ ఖర్చులు రెండూ పుస్తకంలోకి ఎక్కాక మిగిలిందే మీరు నిజంగా మిగుల్చుకున్న డబ్బు.