ముగింపు తెలిసిన కొట్లాట

"అదంతా ఉత్తుత్తిదే గదబ్బా, దానికోసం హైదరాబాదు దాకా పోవాల్నా?" వాకాడులో రెజ్లింగ్ పిచ్చి ఉన్నవాడికి ఈ మాట కొత్తకాదు. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు 'సూపర్‌స్టార్ స్పెక్టకిల్' పెడుతున్నారని తెలిసి, గూడూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి బయల్దేరిన నన్నూ ఇదే అడిగారు. ఉత్తుత్తిదన్న సంగతి దాచిందెవరు? తమది పోటీ కాదు, వినోదమేనని ఆ కంపెనీ 1989లోనే అమెరికాలోని న్యూజెర్సీ చట్టసభ ముందు ఒప్పేసుకుంది. సత్యం మీద ప్రేమతో కాదులెండి, క్రీడల మీద ఉండే పన్నూ ప్రభుత్వ అజమాయిషీ తప్పుతాయని.

నన్నడిగినవాళ్లకు నేనూ ఒకటి అడగాలి. మా స్వర్ణముఖి నదికి ఎగువన, చిత్తూరు వైపు ఊళ్లలో, ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం తిరునాళ్లు జరుగుతాయి. చివర్లో దుర్యోధన వధ. మైదానంలో మట్టితో పోసిన దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. వేషగాళ్లిద్దరూ గదలు పట్టుకుని ఆ బొమ్మ చుట్టూ పరుగులు తీస్తారు, తిట్టుకుంటారు, కలియబడతారు. తొడ పగులుతుంది, ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. ఎవరు గెలుస్తారో తెలియక అక్కడికి పోయినవాడు ఒక్కడన్నా ఉంటాడా? అయినా భీముడు గద ఎత్తితే ఒళ్లు జలదరిస్తుంది. తెలిసిన ముగింపు దాకా ఎలా తీసుకెళ్తారన్నదే చూడాల్సింది. రెజ్లింగ్‌లోనూ పనితనమంతా అక్కడే ఉంది.

టీవీలో కనిపించనిది మొదట చెవికే తెలుస్తుంది. రింగు ఇరవై అడుగుల చదరం. కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన పల్చటి ఫోమ్, ఆపైన బిగించిన కాన్వాసు గుడ్డ. మనిషి పడితే లోపలి బోలు మోగి, పడినదానికి రెట్టింపు చప్పుడు వస్తుంది. అలా పడటాన్ని వాళ్లు 'బంప్' అంటారు. కొత్తగా చేరినవాడు మొదట నేర్చేది కొట్టడం కాదు, ఇదే. గడ్డం రొమ్ముకు అదిమి తల లేపి ఉంచాలి, ఊపిరి వదిలెయ్యాలి, వీపు పైభాగమంతా ఒక్కసారే నేలకు తగలాలి, రెండు చేతులూ పక్కలకు చరచాలి. దెబ్బ ఒక్కచోట దిగకుండా ఒళ్లంతా పరుచుకుంటుంది. అయినా అది చెక్కే, పరుపు కాదు. వందల రాత్రులు అలా పడితే వెన్నూ మెడా ఏమవుతాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

ఎత్తి కుదేసేటప్పుడు లేచేవాడే సగం ఎగురుతాడు. ఎత్తేవాడి తొడ మీద చెయ్యి ఆనించి తన బరువు తానే కొంత మోస్తాడు. తాళ్ల మీదికి విసిరితే పరుగెత్తేది విసిరించుకున్నవాడే. ఇంత సాయం నడుస్తున్నా చూసేవాళ్లకు పగే కనపడాలి. రొమ్ము మీద చరుపు ఒక్కదానికి మాత్రం ఏ నటనా లేదు. చర్మం మీద అరచెయ్యి పడుతుంది, ఎర్రగా కందుతుంది, మెట్ల మీద దూరంగా కూర్చున్నవాళ్లకీ వినపడుతుంది.

ఆ రాత్రి చివరి ఆట జాన్ సీనా, సేత్ రోలిన్స్ ఒక జట్టు, లుడ్విగ్ కైజర్, జియోవానీ విన్చీ ఇంకో జట్టు. సీనా మన దేశంలో మ్యాచ్ ఆడటం అదే మొదలు. జంటల ఆటకు పాత కట్టు ఒకటుంది. మంచివాళ్లలో ఒకణ్ని విలన్లిద్దరూ తమ మూలకు లాక్కుని చాలాసేపు చితకబాదుతారు. వాడు పాక్కుంటూ తనవాడి వైపు వస్తాడు, జానెడు దూరంలో ఉండగా కాలు పట్టి వెనక్కి ఈడుస్తారు. ఒక్కోసారి చెయ్యి తగిలినా రెఫరీ అటు తిరిగి ఉంటాడు, చెల్లదంటాడు. జనం గొంతులు చించుకుంటారు. ఇంకొంచెం ఆగితే విసుగు పుడుతుంది అన్న క్షణంలో చెయ్యి అందుతుంది. దాన్ని 'హాట్ ట్యాగ్' అంటారు. తాజాగా దూకిన భాగస్వామి ఇద్దర్నీ ఉతికేస్తుంటే కూర్చున్నవాళ్లుండరు.

ఆ క్షణం ఎప్పుడన్నది కాగితం మీద అంతా రాసి ఉండదు. ముగింపూ కొన్ని ముఖ్యమైన ఘట్టాలే ముందు అనుకుంటారు. మధ్యలోది మెడ పట్టు పట్టుకుని, మొహం మోచేతి చాటున దాచి, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు. జనం అరుపును బట్టే హింస పొడిగించాలా, కట్టెయ్యాలా అన్నది తేలుతుంది. టికెట్ కొన్నవాడికి కూడా ఆ రాత్రి ఒక వేషం ఉందన్నమాట. ఇంట్లో టీవీ ముందు ఎంత అరిచినా ఆ వేషం దక్కదు.

అదే రాత్రి కెవిన్ ఓవెన్స్, సామీ జేన్‌ల మీదికి మనవాళ్లు ఇండస్ షేర్ దిగారు. వాళ్లలో సాంగాగా ఆడే సౌరవ్ గుర్జర్ 2013 నాటి హిందీ మహాభారతం సీరియల్‌లో భీముడు! కథలో మాత్రం ఈ జట్టు దుష్టపక్షం. దేశాన్ని చూసి అరవాలా, కథను చూసి అరవాలా? నేను కథ వైపే అరిచాను. పక్క కుర్రాడు నన్ను దేశద్రోహిలా చూశాడు.

మా తరానికి ఈ పిచ్చి ఎక్కించింది కేబుల్ టీవీ, దానికి ముందు ట్రంప్ కార్డులు. వాటి మీది రెజ్లర్ల ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు కంఠతా వచ్చేవి. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని బడిలో ఒట్టేసి చెప్పుకునేవాళ్లం. 2007లో హిమాచల్ మనిషి ఖలీ వరల్డ్ హెవీవెయిట్ బెల్టు నెత్తికెత్తుకుంటే అది మన ఊరి గెలుపే అనుకున్నాం. దేహబలాన్ని టికెట్ పెట్టి చూపడం మాత్రం మనకు టీవీ నేర్పింది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు నూరేళ్ల కిందటే సర్కసు డేరాలో ఏనుగును రొమ్ము మీద నిలబెట్టుకున్నాడు, ఇనుప గొలుసులు తెంచాడు. ఆయన బలం నిజం. డేరా, బాజా, ఊపిరి బిగపట్టించే జాప్యం ప్రదర్శన. రెంటినీ విడదీసి టికెట్లు అమ్మినవాడు ఎవడూ లేడు.

రెజ్లింగ్‌లో గొప్పవాడెవడు అంటే బాగా కొట్టేవాడి పేరు చెప్తారు అభిమానులు. నన్నడిగితే బాగా తినేవాడి పేరు చెప్తాను. విలన్ దెబ్బ తిని తూలడంలోనే హీరో చేతికి బలం వస్తుంది. కైజర్ లాంటివాడు మొహం చిట్లించి, మోకాలు మడిచి, తాళ్లు పట్టుకుని జారకపోతే సీనా పిడికిలికి విలువ లేదు. వాళ్ల జట్టు ఓడింది, ఆటను మోసిందీ వాళ్లే.

అన్నీ లెక్క ప్రకారం జరగవు. అంగుళం తేడాతో పడితే ఎముక నిజంగానే విరుగుతుంది. అప్పుడు రెఫరీ రెండు చేతులూ తల మీద అడ్డంగా కట్టి చూపిస్తాడు, డాక్టరు పరుగెత్తుకొస్తాడు. జనంలో పాతకాపులు ఆ గుర్తు చూడగానే అరుపులు ఆపేస్తారు.

మొదటిసారి వెళ్లేవాళ్లు ముందు వరుస టికెట్ కోసం అప్పు చెయ్యొద్దు. అక్కడ అందరూ లేచి నిలబడి ఫోన్లెత్తుతారు, రింగు కాదు గదా తాడు కూడా కనపడదు. పక్క మెట్లలో కాస్త ఎత్తున కూర్చుంటే కాన్వాసు మీద పడేవాడి వీపూ, తొడ మీద ఆనించే చెయ్యీ, చెవిలో చెప్పుకునే మాటల కోసం వంగిన తలలూ అన్నీ కనిపిస్తాయి. గొంతుకు మిరియాల పాలు తర్వాత చూసుకోవచ్చు.