ఆహార్యం నుండి వాచికానికి: తెలుగు తెరపై మాట్లాడే జంతుపాత్రలు

1. ఉపోద్ఘాతం

పాత చిత్రాలలో తోకలు తగిలించుకొని మాట్లాడే వానర పాత్రలను చూసి నేటి ప్రేక్షకులు నవ్వడం కద్దు. ఆ నవ్వును సాంకేతిక లోపానికి ముడిపెట్టడం విమర్శలో పరిపాటి అయింది. అయితే జంతువేషంలోని హాస్యానికి మూలం అభినయ పద్ధతిలోనే ఉంది. భరతుడు పేర్కొన్న ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయాల దృష్టితో పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

2. వేషం వెనుక మనిషి

పులివేషాలూ పగటివేషాలూ చూసిన ప్రేక్షకుడికి వేషం లోపల మనిషి ఉన్నాడని తెలుసు. తెలిసీ భయపడతాడు, తెలిసీ నవ్వుతాడు. ఈ ద్వంద్వ స్పృహే సినిమాకూ సంక్రమించింది. 'వీరాంజనేయ' (1968), బాపు 'సంపూర్ణ రామాయణం' (1971) చిత్రాలలో అర్జా జనార్దనరావు హనుమంతుడి పాత్ర ధరించారు. ఇవి భక్తిచిత్రాలే అయినా హనుమంతుడి పాత్రలో చిలిపితనానికి చోటుంది. వానర ఆహార్యం నటుడి ముఖంలో కొంత భాగాన్ని ఆక్రమిస్తుంది. కనుక కళ్ళు, భుజాలు, నడకలతోనే భావాన్ని పలికించవలసి వస్తుంది. గుణశేఖర్ 'రామాయణం' (1997)లో ఇవే వేషాలను బాలలు ధరించారు. కోతిచేష్టకూ పిల్లచేష్టకూ మధ్య గీత చెరిగిపోవడమే అక్కడి హాస్యం. ఆ చిత్రానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది.

ఇది తెలుగుకే పరిమితమైన లక్షణం కాదు. 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' (1939)లో పిరికి సింహంగా నటించిన బెర్ట్ లార్ కూడా రంగస్థలం నుండి వచ్చిన హాస్యనటుడే. నిజమైన సింహచర్మంతో కుట్టిన దుస్తుల నుండి తొంగిచూసే మనిషి ముఖమే ఆ పాత్రకు ప్రాణం.

3. గొంతులోకి చేరిన వేషం

ప్రశాంత్ వర్మ 'హను-మాన్' (2024)లో 'కోటి' అనే కోతికి గొంతు రవితేజది. 'ది లయన్ కింగ్' (2019) తెలుగు రూపంలో టిమోన్, పుంబా పాత్రలకు అలీ, బ్రహ్మానందం గొంతునిచ్చారు. ఇక్కడ వేషం కట్టిన నటుడు లేడు. అయినా ప్రేక్షకుడు జంతువు వెనుక మనిషిని గుర్తుపడుతున్నాడు, ఆ గుర్తింపుతోనే నవ్వుతున్నాడు. ద్వంద్వ స్పృహ ఆహార్యం నుండి వాచికానికి తరలిందన్నమాట. కాని ఈ మార్పుకు ఒక షరతు ఉంది. గొంతును గుర్తుపట్టాలంటే అది ముందే ప్రసిద్ధమై ఉండాలి. వేషం అనామక నటుడికి కూడా నవ్వించే అవకాశమిచ్చింది. గొంతు ఆ అవకాశాన్ని ప్రసిద్ధులకే పరిమితం చేస్తోంది.

4. ముగింపు

ఇటువంటి చిత్రాలను ప్రదర్శించే కొండాపూర్ మల్టీప్లెక్సులకు సమీపంలోనే, శేరిలింగంపల్లి ప్రాంతంలో సురభి కాలనీ ఉంది. 1885లో 'కీచకవధ'తో ఆరంభమైన సురభి నాటక పరంపరలో వేషం కట్టడం తరతరాల విద్య. జంతుపాత్రను దృశ్యప్రభావాల నాణ్యతతో మాత్రమే కొలిచే విమర్శకు ఈ విద్యను విలువ కట్టే పరిభాష ఉండదు. వేషధారుల పేర్లనూ, అలంకరణ నిపుణుల పనితీరునూ వారి నోటనే నమోదు చేయడం తెలుగు సినిమా పరిశోధన వెంటనే చేపట్టవలసిన పని.