చెయ్యి అందే చోట

టెక్సాస్‌లో పైలట్ ట్రైనింగ్ తీసుకుంటున్న మా మేనల్లుడు ఈ వారం ఫోన్‌లో, "మామయ్యా, పెట్రోలు మీటర్లు నిండుగా చూపిస్తున్నా మా ఇన్‌స్ట్రక్టర్ ఊరుకోడు. రెక్క ఎక్కి, మూత తీసి, పుల్ల ముంచి చూడాల్సిందే" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట కంఠతా వచ్చు: చిన్న విమానంలో ముల్లును కాదు, పుల్లనూ గడియారాన్నీ నమ్మండి. అమెరికా నిబంధన ప్రకారం గమ్యం చేరాక పగలు 30 నిమిషాలకు, రాత్రి 45 నిమిషాలకు సరిపడా ఇంధనం మిగలాలి. నా లెక్కలో ఎప్పుడైనా గంట.

ఇంజిన్ ఆగినా సెస్నా 172 ఒక అడుగు దిగేలోపు దాదాపు తొమ్మిదడుగులు ముందుకు జారుతుంది. 3,000 అడుగుల ఎత్తు నుంచి సుమారు 8 కిలోమీటర్లు. ఆ కాసేపట్లోనే వేగం నిలపాలి, దిగడానికి పొలం చూసుకోవాలి, ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో మార్చే సెలెక్టర్ పిడిని సీట్ల మధ్య నేలమీద తడమాలి. ఒక ట్యాంకు ఎండిపోయి, రెండో దాంట్లో పెట్రోలుండగానే పొలాల్లో దిగిన విమానాలున్నాయి.

గాయకుడు జాన్ డెన్వర్ సంగతి అందుకే నన్ను వదలదు. 1997 అక్టోబర్ 12, కాలిఫోర్నియాలోని మాంటెరే. కొత్తగా కొన్న లాంగ్-ఈజెడ్ విమానం. డిజైనర్ బర్ట్ రూటాన్ సెలెక్టర్‌ను పైలట్ కాళ్ల మధ్య పెట్టమన్నాడు. ఈ విమానాన్ని కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు. ఎటు తిప్పితే ఏ ట్యాంకో గుర్తుల్లేవు. ఇంధన మట్టం కూడా వెనక్కి తిరిగి చూడాల్సిందే. మెకానిక్ ఒక అద్దం ఇచ్చాడు. పిడి అందేలా ప్లయర్స్ తగిలించి చూశారు, కుదరలేదు. కుడి ట్యాంకులో సగంలోపు, ఎడమ దాంట్లో పావులోపు ఉందని మెకానిక్ చెప్పాడు. ఎగిరేది గంటసేపేనని డెన్వర్ పెట్రోలు వద్దన్నాడు. విమానం సముద్రంలో కూలింది, ఆయన చనిపోయాడు.

నా పాత పాట ప్రకారం తీర్పు తేలికే: నింపుకోవాల్సింది. నింపుకుంటే ఆ రోజు గడిచేదేమో. కానీ ఎప్పుడో ఒకప్పుడు గాల్లో ఆ పిడి తిప్పక తప్పదు. దానికోసం ఒళ్లు మెలితిప్పి వెనక్కి తిరిగితే కుడి కాలు విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను తొక్కేస్తుంది. ఇంధనం ఎంత పోసినా ఆ మెలిక పోదు. దర్యాప్తు బోర్డు పైలట్ దృష్టి మళ్లడాన్నీ, తెలియకుండా రడ్డర్ తొక్కడాన్నీ ప్రధాన కారణంగా రాసి, సెలెక్టర్‌ను అక్కడ పెట్టాలన్న నిర్ణయాన్ని దోహదపడ్డ కారణాల్లో చేర్చింది. నేనైతే ఆ వరస తిప్పి రాసేవాణ్ణి.